గుడ్డు పెంకులు, బజ్జీల నూనె, మా ప్రాజెక్టు

వంటనూనెను బయోడీజిల్‌గా, అంటే డీజిల్ బదులు వాడే ఇంధనంగా మార్చడం మా ప్రాజెక్టు. దానికి మా హాస్టల్ మెస్‌లో పారేసే గుడ్డు పెంకుల కోసం వెళ్తే వంటాయన ముందు నవ్వాడు. తర్వాత ఆయనే కవర్లో దాచి ఇవ్వడం మొదలుపెట్టాడు!

పెంకులో దాదాపు అంతా కాల్షియం కార్బనేటే. కడిగి, ఎండబెట్టి, పొడి చేసి, ఫర్నేస్‌లో 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. అంటే నీళ్లు పోయని సున్నం. నూనెను, మిథనాల్ అనే ఆల్కహాల్‌ను కలిపి బయోడీజిల్‌గా మార్చే పనికి ఇదే ఉత్ప్రేరకం, అంటే చర్యను వేగంగా నడిపించేది. ఆ మిశ్రమం వేడి 60 డిగ్రీలు దాటాక కాస్త టెన్షనే, ఎందుకంటే 65 దగ్గర మిథనాల్ మరిగిపోతుంది. కదపకుండా వదిలేస్తే గ్లిజరిన్ అడుక్కి దిగి, పైన బంగారు రంగు బయోడీజిల్ పొర తేలుతుంది. అది చూడ్డానికి ల్యాబ్‌లో అందరూ మూగారు.

ఉత్ప్రేరకంగా మామూలుగా వాడే సోడియం హైడ్రాక్సైడ్ మిథనాల్‌లో కరిగిపోతుంది, తీసేయడానికి నీళ్లతో కడగాలి. పెంకు పొడిని వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు. కాకపోతే గాలి తగిలితే తేమ పీల్చి పనితనం తగ్గిపోయే రకం, డబ్బా మూత బిగించే ఉంచాలి.

బజ్జీల బండి నూనె వేరే కథ. పదేపదే మరిగిన నూనెలో ఆమ్లాలు పెరుగుతాయి, నేరుగా వాడితే డీజిల్ బదులు సబ్బు నురగ వస్తుంది. ముందు ఆమ్లాన్ని తగ్గించుకోవాలి.

దీన్ని "ఉచిత ఇంధనం" అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఫర్నేస్ కరెంటు, మిథనాల్ ఖర్చు ఎవరు కడతారు? ఇక ఉత్ప్రేరకంగా అరటి తొక్కల బూడిద పట్టాలి, అందులో పొటాషియం దండిగా ఉంటుంది. తొక్కలు దాచిపెట్టే జ్యూస్ షాపు ఉంటే చెప్పండి.