సూర్యుడి రేడియో విస్ఫోటాన్ని ఇంట్లో కూర్చుని చూశాను

నాకు రేడియో యాంటెనా లేదు, ఏ పరిశోధన సంస్థతోనూ సంబంధం లేదు. అయినా సూర్యుడి మీద పుట్టిన రేడియో విస్ఫోటాన్ని, అంటే ఒక్కసారిగా ఎగసిన రేడియో తరంగాలను, అసలు రికార్డుల నుంచే బొమ్మ గీసి చూడగలిగాను. అది ఈ-కాలిస్టో అనే అంతర్జాతీయ పరికరాల నెట్‌వర్క్ చలవ. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ మోన్‌స్టైన్ రూపొందించిన చవకైన స్పెక్ట్రోమీటర్లు (ఏ పౌనఃపున్యంలో ఎంత రేడియో శక్తి వస్తోందో కొలిచే పరికరాలు) ఎన్నో దేశాల్లో పనిచేస్తున్నాయి. అవి నమోదు చేసినదంతా ఒకేచోట, అందరికీ ఉచితంగా దొరుకుతుంది.

రికార్డులు సంవత్సరం, నెల, రోజు వారీగా ఉంటాయి. కేంద్రం పేరు, తేదీ, మొదలైన సమయం ఫైలు పేరులోనే కనిపిస్తాయి. ఆ సమయం అంతర్జాతీయ కాలమానంలో (యూటీ) ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది. ఒక్కో ఫైలు 15 నిమిషాలది. అందులో సాధారణంగా 200 పౌనఃపున్యాల మీద సెకనుకు నాలుగేసి కొలతలుంటాయి.

హిందూపురానికి పొరుగునే, కర్ణాటకలో ఉన్న గౌరీబిదనూరు కేంద్రాన్ని ఎంచుకున్నాను. నెలవారీ విస్ఫోటాల జాబితాలో మూడో రకంగా (వేగంగా జారేవి) గుర్తించిన ఒక సమయాన్ని పట్టుకుని, ఆ ఫైలును పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో తెరిచి, అడ్డంగా సమయం, నిలువుగా పౌనఃపున్యం ఉండేలా బొమ్మ గీశాను. తెర నిండా అడ్డగీతలే! 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఎఫ్ఎం ప్రసారాలుంటాయి, మిగతాచోట్ల మన యంత్రాల రొద. ప్రతి పౌనఃపున్యం నుంచి దాని మధ్యస్థ విలువను తీసేశాక అడ్డగీతలు వెలిసిపోయి, నిటారుగా ఒక చార బయటపడింది. ఎక్కువ పౌనఃపున్యం దగ్గర మొదలై, కొద్ది సెకన్లలోనే తక్కువకు జారింది.

ఆ జారుడులోనే అసలు కథ ఉంది. సూర్యుడి నుంచి ఎలక్ట్రాన్ల గుంపు మహా వేగంతో బయటికి దూసుకొస్తుంది. దారిలోని ప్లాస్మాను, అంటే విద్యుదావేశాలున్న వాయువును, కంపింపజేస్తుంది. పైకి వచ్చేకొద్దీ సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలో ప్లాస్మా పలచబడుతుంది. ప్లాస్మా కంపించే సహజ పౌనఃపున్యం ఎలక్ట్రాన్ సాంద్రత వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కనుక, వెలువడే రేడియో తరంగాల పౌనఃపున్యమూ పడిపోతుంది. అంటే నేను చూస్తున్నది ఆ గుంపు ప్రయాణపు జాడ.

అది సూర్యుడిదే అని నమ్మడమెలా? అదే సమయానికి వేరే దేశంలోని కేంద్రం ఫైలు తెరిచాను. అడ్డగీతలు పూర్తిగా వేరు, చార మాత్రం అదే! ఊళ్లోని రొద ఖండాలు దాటి కనిపించదు. ఇలా పోల్చుకునే వీలు ఒక్క కేంద్రం రికార్డులతో రాదు. అందరూ తమవి బయటపెట్టినప్పుడే వస్తుంది. ఆ కేంద్రాలను ఓపికగా నడుపుతున్నవారందరికీ నా నమస్కారాలు.

ఇప్పుడు రెండో రకం విస్ఫోటాలు వెతుకుతున్నాను. అవి నిమిషాల తరబడి నెమ్మదిగా జారతాయి, వాటి వెనుక ఉండేది ఆఘాత తరంగం (షాక్ వేవ్). జారే రేటును బట్టి దాని వేగాన్ని నేనే లెక్కకట్టాలని ఉంది.