గ్రంథాలయానికి లినక్స్ ఎంచుకున్న వేసవి

నేను ఒక డిగ్రీ కళాశాలలో గ్రంథపాలకురాలిని. మా గ్రంథాలయంలో సుమారు 18 వేల పుస్తకాలు, పన్నెండు కంప్యూటర్లు, పుస్తకాల జాబితా మొత్తాన్ని మోసే ఒక సర్వర్ ఉన్నాయి. ఆ సర్వర్‌లో సెంట్‌ఓఎస్ 7 ఉండేది, అది ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకం. దానికి భద్రతా సవరణలు 2024 జూన్ 30తో ఆగిపోతాయని చాలా ముందుగానే ప్రకటించారు. పన్నెండు కంప్యూటర్లలోనూ విండోస్ 10 ఉండేది. దానికి గడువు 2025 అక్టోబర్ 14. మావన్నీ నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లు, 4 జీబీ మెమరీ ఉన్న యంత్రాలు కాబట్టి, ఎనిమిదో తరానికి తక్కువ కాని ఇంటెల్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కోరే విండోస్ 11 వాటిపైకి రాదు. కొత్త యంత్రాలు కొనడానికి ఆ ఏడాది నిధులు లేవని ప్రిన్సిపాల్ గారు స్పష్టంగా చెప్పారు. ఆ పరిస్థితిలో, 2024 వేసవి సెలవుల్లో, ఏ లినక్స్ వేసుకోవాలన్న నిర్ణయం నా మీద పడింది.

మొదటి వారం రోజులు నేను తప్పు ప్రశ్న పట్టుకుని తిరిగాను. డిస్ట్రోలలో, అంటే లినక్స్ రకాలలో, ఏది మంచిదని తెలిసినవాళ్ళందరినీ అడిగితే, ఎవరు వాడేది వారికి మంచిదిగా తోచింది. ఆ తరువాత ఒక నోటుపుస్తకం తీసుకుని, ప్రతి యంత్రం మీద జరిగే పని ఏమిటో, ఆ పని ఎన్నేళ్ళు ఆగకుండా జరగాలో, నేను సెలవులో ఉన్న రోజున దాన్ని ఎవరు చూసుకుంటారో రాసుకున్నాను. అలా రాసుకున్నాక సర్వర్ సంగతి వేరు, కంప్యూటర్ల సంగతి వేరు అని తేలింది. ముందు సర్వర్ తేల్చుకోవాలనుకున్నాను.

సెంట్‌ఓఎస్‌కు అలవాటు పడినవాళ్ళు 2020 డిసెంబర్ 8ని మరచిపోలేరు. 2029 వరకు ఉంటుందనుకున్న సెంట్‌ఓఎస్ 8ని 2021 చివరికే ముగించి, ఇకపై సెంట్‌ఓఎస్ స్ట్రీమ్ అనే వేరే రకం మీదే పని చేస్తామని ఆ రోజు ప్రకటించారు. ఆ ఖాళీని పూరించడానికి ఆల్మాలినక్స్ 2021 మార్చిలోను, సెంట్‌ఓఎస్ స్థాపకులలో ఒకరైన గ్రెగరీ కర్ట్జర్ మొదలుపెట్టిన రాకీ లినక్స్ అదే ఏడాది జూన్‌లోను వచ్చాయి. రెండూ సెంట్‌ఓఎస్ లాగే రెడ్‌హ్యాట్ సంస్థ లినక్స్‌ను అనుసరించే కుటుంబానివే కాబట్టి మాకు పాత అలవాట్లు మారవు. పైగా వాటి 9వ వెర్షన్‌కు 2032 వరకు మద్దతు ఉంటుంది. ఆ సంవత్సరం చూసి నేను దాదాపుగా ఆల్మా వైపు నిర్ణయించుకున్నాను.

నిర్ణయాన్ని మార్చింది కోహా. మా పుస్తకాల జాబితా, చందాదారుల వివరాలు, ఇచ్చిపుచ్చుకోవడాలు అన్నీ నడిచేది ఈ సాఫ్ట్‌వేర్ మీదనే. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా గ్రంథాలయాల కోసం తయారై, 2000 సంవత్సరం నుంచి వాడుకలోకి వచ్చిన దీని పేరుకు మావోరీ భాషలో కానుక అని అర్థం. కోహా బృందం తమ ప్యాకేజీలను (సులువుగా ఎక్కించుకునేలా సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్ కట్టలను) డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల పద్ధతిలోనే తయారు చేస్తుంది. మా పాత సర్వర్‌ను అమర్చినవారు దాన్ని సెంట్‌ఓఎస్ మీద సోర్స్ కోడ్ నుంచి చేతితో ఎక్కించి వెళ్ళారు. అందువల్ల కోహా ఆరు నెలలకొక కొత్త వెర్షన్ విడుదల చేస్తున్నా మేము ఏళ్ళ తరబడి ఒకే పాత వెర్షన్‌లో ఉండిపోయాము, ఎందుకంటే దాన్ని కదిలిస్తే మళ్ళీ నిలబెట్టగలిగిన మనిషి మాకు లేరు. కింద ఉన్న వ్యవస్థకు ఎనిమిదేళ్ళ భరోసా ఉండి, దాని మీద నడవవలసిన ఒకే ఒక్క ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ ముందుకు కదలకపోతే ఆ భరోసా వల్ల గ్రంథాలయానికి ఒరిగేది ఏమీ లేదని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక మిగిలినవి డెబియన్ 12, ఉబుంటు 24.04. ఉబుంటుకు 2029 వరకు అయిదేళ్ళ మద్దతు ఉంది. డెబియన్ 12కు మొదటి మూడేళ్ళు, ఆపైన దీర్ఘకాల మద్దతు (ఎల్‌టీఎస్) బృందం చూసే రెండేళ్ళు కలిపి 2028 జూన్ వరకే. సంవత్సరాల లెక్కలో ఉబుంటు ముందుంది. కానీ ఉబుంటులో ఆ అయిదేళ్ళ హామీ ప్రధానంగా మెయిన్ అనే విభాగానికి వర్తిస్తుంది. కోహాకు కావలసిన మరియాడీబీ డేటాబేస్, పెర్ల్ భాష మాడ్యూళ్ళలో చాలా భాగం యూనివర్స్ అనే విభాగంలో ఉంటాయి, వాటికి అదే స్థాయి భద్రతా సవరణలు కావాలంటే ఉబుంటు ప్రో అనే అదనపు సేవలో నమోదు కావాలి. వ్యక్తులకు అయిదు యంత్రాల వరకు అది ఉచితమే గాని, సంస్థ సర్వర్‌ను ఒక వ్యక్తి ఖాతాకు ముడిపెట్టడం నాకు నచ్చలేదు. డెబియన్‌లో అలాంటి రెండు అంతస్తులు లేవు, మెయిన్‌లో ఉన్న ప్యాకేజీలన్నిటినీ ఒకే భద్రతా బృందం చూస్తుంది. ఒక వెర్షన్ నుంచి తరువాతి వెర్షన్‌కు, ఉన్నచోటనే మార్చుకునే పద్ధతి కూడా డెబియన్‌లో ఎంతో కాలంగా స్థిరపడి ఉంది. ఏడాది తక్కువైనా సరే అనుకుని డెబియన్ తీసుకున్నాను, ఇప్పటికీ ఆ ఎంపిక సరైనదనే నమ్ముతున్నాను.

అసలు సర్వర్ ముట్టుకోకుండా, పక్కన పడి ఉన్న ఒక కంప్యూటర్ మీద ముందుగా అంతా చేసి చూశాము. ఈ సాధన లేకపోయి ఉంటే మా జాబితా పోయేదే. పాత డేటాబేస్ నుంచి తీసిన నకలును కొత్తదానిలో ఎక్కించగానే తెలుగు పేర్లన్నీ అర్థం లేని లాటిన్ గుర్తుల వరుసలుగా కనిపించాయి. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసిన విషయం ఏమిటంటే, పాత పట్టికలు తమను తాము లాటిన్1 (పశ్చిమ ఐరోపా అక్షరాల పాత సంకేత పద్ధతి)గా చెప్పుకుంటూ లోపల యూటీఎఫ్-8 (అన్ని లిపులకూ పనికివచ్చే పద్ధతి) అక్షరాలను దాచుకున్నాయి. నకలు తీసే సాధనం ఆ మాట నమ్మి, అప్పటికే యూటీఎఫ్-8లో ఉన్నదాన్ని మరోసారి యూటీఎఫ్-8లోకి మార్చింది. నకలు తీసేటప్పుడే లాటిన్1 అని చెప్పి, మార్పు జరగకుండా బైట్లను ఉన్నవి ఉన్నట్టుగా బయటికి తెచ్చి, ఆ ఫైలులోని ప్రకటనలను యూటీఎఫ్8ఎంబీ4గా (డేటాబేస్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు) దిద్ది ఎక్కించాక అక్షరాలు చక్కబడ్డాయి. తెలుగు సమాచారం ఉన్న పాత డేటాబేస్ ఏదైనా తరలించబోయేవారు మొదటి పది పేర్లను కంటితో చదివి చూసుకున్న తరువాతనే పాతదాన్ని ఆపాలి.

ఇంకొక మార్పు నాకు ఎక్కువ సంతోషాన్నిచ్చింది. కోహాలో వెతుకులాట చేసే జీబ్రా అనే భాగాన్ని పాత అమరికలో లాటిన్ లిపులకు సరిపోయే పద్ధతిలోనే వదిలేశారు. దానివల్ల మా దగ్గర తెలుగు మాటతో పుస్తకం వెతకడం ఏనాడూ కుదరలేదు, సిబ్బంది నమోదు సంఖ్యతోనో ఇంగ్లీషు అక్షరాలతోనో వెతికేవారు. కొత్త అమరికలో దాన్ని యూనికోడ్ లిపులన్నిటినీ అర్థం చేసుకునే ఐసీయూ పద్ధతికి మార్చి, జాబితా అంతటికీ సూచికను తిరిగి కట్టించాము. 'వ్యవసాయం' అని తెలుగులో కొట్టగానే ఆ మాట ఉన్న పుస్తకాలు వరుసగా వచ్చినప్పుడు, మా సహాయకుడు అటెండరును కూడా పిలిచి చూపించాడు. పొల్లు హల్లుకూ దాని తరువాతి అక్షరానికీ మధ్య కొందరు టైపు చేసిన కనిపించని విడదీత గుర్తు వల్ల కొన్ని మాటలు దొరకలేదు. వాటిని విడిగా సరిచేయవలసి వచ్చింది.

కంప్యూటర్ల విషయం ఇంతకన్నా తేలిక. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, నాలుగు రకాలను నాలుగు యంత్రాల మీద వారం రోజులు ఉంచాను. ఫెడోరా ప్రతి వెర్షన్‌కూ మద్దతు సుమారు 13 నెలలే కాబట్టి, ఏడాదికొకసారి అన్ని యంత్రాలనూ మార్చే తీరిక మాకు లేక దాన్ని పక్కన పెట్టాను. ఉబుంటు 24.04 అందంగా ఉంది గాని, 4 జీబీ మెమరీకీ పాత హార్డ్‌డిస్కుకూ దాని గ్నోమ్ డెస్క్‌టాప్ బరువే. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో డెబియన్ 12 ఇబ్బంది లేకుండా నడిచింది. 2022లో సభ్యులు ఓటు వేసి తీసుకున్న నిర్ణయం వల్ల ఫర్మ్‌వేర్ (వైఫై వంటి పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) కూడా అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే రావడంతో వైఫై ఇబ్బంది పెట్టలేదు. చివరికి లినక్స్ మింట్ 21.3 ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాము. కింద మెనూ, పక్కన గడియారం ఉండే దాని తెర విద్యార్థులకు కొత్తగా అనిపించలేదు, టైమ్‌షిఫ్ట్ అనే సాధనంతో చెడిన యంత్రాన్ని నిన్నటి స్థితికి తేవడం మా సహాయకుడు ఒక్కసారి చూపిస్తే నేర్చుకున్నాడు. మింట్ కూడా ఉబుంటు ద్వారా డెబియన్ కుటుంబానిదే కావడం వల్ల సర్వర్ మీదా కంప్యూటర్ల మీదా ప్యాకేజీలను ఎక్కించే ఒకే ఆప్ట్ ఆదేశాలు పనిచేస్తాయి. ఇద్దరే పనిచేసే చోట ఇది చిన్న విషయం కాదు. సర్వర్‌లో ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ పెట్టాక, ఒక యంత్రం దింపుకున్న ప్యాకేజీని మిగిలినవి అక్కడి నుంచే తీసుకుంటున్నాయి, కళాశాల ఇంటర్నెట్ మీద భారం పడడం లేదు.

తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు మింట్ ప్యాకేజీల భాండారంలోనే ప్యాకేజీగా దొరికాయి. టైపు చేయడానికి ఐబస్ అనే సాధనంలో ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్ వంటి కీబోర్డు అమరికలు ఉన్నాయి. కళాశాల తెరిచిన మొదటి రోజున మాత్రం కౌంటర్‌లో బార్‌కోడ్ ఏదీ చదవలేకపోయాము. బార్‌కోడ్ స్కానర్ కంప్యూటర్‌కు ఒక కీబోర్డుగానే కనిపిస్తుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఆన్‌లో ఉండగా, మా సంఖ్యల ముందు ఉండే 'ఎల్' అనే ఇంగ్లీషు అక్షరం 'థ'గా పడుతోంది. "పుస్తకాలన్నీ లేవంటోంది మేడమ్" అని సహాయకుడు కంగారుగా వస్తే, కారణం పట్టుకోవడానికి గంట పట్టింది. కౌంటర్‌లో ఉన్న యంత్రం నుంచి తెలుగు అమరిక తీసివేసి, తెలుగు నమోదులకు వేరే యంత్రం కేటాయించాము.

పన్నెండో కంప్యూటర్‌ను మాత్రం మార్చలేదు. కళాశాల వార్షిక సంచికలు, పాత పుస్తకాల కార్డుల జాబితా అన్నీ పేజ్‌మేకర్ అనే పాత పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో ఉన్నాయి. అవి యూనికోడ్ కావు, ఆ ఫాంట్ తీసేస్తే మిగిలేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. వాటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నా, ఒత్తులు, గుణింతాలు అక్కడక్కడా తప్పుతాయి కాబట్టి ప్రతి కార్డునూ మనిషి చదవవలసిందే. అందుకని ఆ యంత్రాన్ని ఇంటర్నెట్ నుంచి తప్పించి, విండోస్ 10తోనే ఉంచాము. ఇద్దరు విద్యార్థులు మధ్యాహ్నాలు వచ్చి రోజుకు నలభై కార్డుల చొప్పున దిద్దుతున్నారు. సర్వర్ బీరువా తలుపు లోపలివైపు మద్దతు ముగిసే తేదీలతో ఒక కాగితం అంటించి ఉంది: కంప్యూటర్లకు 2027 ఏప్రిల్, సర్వర్‌కు 2028 జూన్. మూడో వరుసలో అను కార్డులని రాసి, తేదీ ఖాళీగా వదిలాను.