పోర్ట్ బ్లెయిర్‌ని నైట్ హాల్ట్ చేసి వదిలేయకండి

అండమాన్ ప్యాకేజీ ఏది తీసుకున్నా ఒకటే వరస, పొద్దున్నే ఫ్లైట్ దిగడం, మధ్యాహ్నం సెల్యులార్ జైలు, రాత్రి పడక, తెల్లారగానే హేవ్‌లాక్ దీవికి ఫెర్రీ, మళ్ళీ చివర్లో ఫ్లైట్ కోసం పోర్ట్ బ్లెయిర్‌లో ఇంకో రాత్రి. ఊరు చూసింది ఎక్కడ? మా కాలేజీ గ్యాంగ్ జనవరిలో వెళ్ళినప్పుడు హేవ్‌లాక్ పూర్తిగా పక్కన పెట్టేసి ఉన్న రోజులన్నీ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నాం, స్కూటీలు అద్దెకి తీసుకుని తిరిగాం, కొండలెక్కాం, సముద్రంలోకి దిగాం. హేవ్‌లాక్‌లో ఉన్న రాధానగర్ బీచ్ చూడకుండా వచ్చేశారా అని ఇంటికొచ్చాక అందరూ అడుగుతున్నారు. చూడలేదు, అయినా ఈ ట్రిప్ మా అందరికీ ఇన్నేళ్ళలో బెస్ట్ ట్రిప్, అది గట్టిగా చెప్తా.

2024 సెప్టెంబర్‌లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ అక్కడ ఆటోవాళ్ళూ షాపులవాళ్ళూ ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు, నేనూ అలాగే రాస్తా.

వెళ్ళేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది టైమ్ సంగతి. మన ఇండియన్ టైమ్‌కి లెక్క కట్టే 82.5 డిగ్రీల గీత కాకినాడ దగ్గర్లోంచి పోతుంది కదా, పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నలభై నిమిషాల ముందే అక్కడ సూర్యుడు వచ్చేస్తాడు, నలభై నిమిషాల ముందే వెళ్ళిపోతాడు. జనవరిలో సాయంత్రం ఐదుంపావుకల్లా సూర్యుడు మునిగిపోతున్నాడు, ఆరింటికి పూర్తి చీకటి. కాబట్టి తొమ్మిదింటికి లేచి తీరిగ్గా టిఫిన్ చేసి బయల్దేరే పద్ధతి అక్కడ పనికిరాదు. మేం ఐదింటికి లేచేవాళ్ళం, నిద్రమొహాలే అందరివీ, కానీ ఆ టైమ్‌లో రోడ్లు ఖాళీ, ఎండ లేదు, గాలి చల్లగా ఉంటుంది.

మొదటి రైడ్ చిడియా టాపు. ఊరికి దక్షిణంగా పాతిక కిలోమీటర్లు ఉంటుంది, రోడ్డు ఊళ్ళు దాటాక అడవిలో పడుతుంది, ఒక పక్క పెద్ద పెద్ద గర్జన్ చెట్లు ఇంకో పక్క మధ్యమధ్యలో మడ అడవి, అప్పుడప్పుడూ మలుపులో సముద్రం కనపడి మాయమవుతుంది. చివర్లో ముండా పహాడ్ అనే బీచ్, అందరూ అక్కడ కూర్చుని సన్‌సెట్ చూసి వెళ్ళిపోతారు, కానీ బీచ్ దగ్గర్నుంచి అడవిలోంచి కిలోమీటరున్నర కాలిబాట ఉంది, అది కొండ అంచు దాకా తీసుకెళ్తుంది. దూరం తక్కువే గానీ వేర్లు అడ్డం పడి ఉంటాయి, ఎక్కుడు ఎక్కువ, గాలిలో తేమకి చొక్కా పది నిమిషాల్లో తడిసిపోతుంది. మాతో ఉన్న అమ్మాయి బర్డ్ వాచింగ్ పిచ్చిది (చిడియా అంటే హిందీలో పిట్ట కదా, చిడియా టాపు అన్న పేరు చూసే ఆ రోజు ప్లాన్ పట్టుబట్టి పెట్టించింది), చిలకల అరుపు వినపడితే చాలు అందర్నీ ఆపేసేది, అలా ఆగుతూ ఆగుతూ వెళ్ళడం వల్లే అడవి సరిగ్గా విన్నాం అనిపిస్తుంది. పైకెళ్ళాక చెట్లు ఒక్కసారిగా అయిపోతాయి, కాళ్ళ కింద నిట్టనిలువుగా రాతి గోడ, కింద నీళ్ళు ఒడ్డు దగ్గర లేత ఆకుపచ్చ, కొంచెం ముందుకెళ్తే నీలం, ఆ తర్వాత ఇంక నలుపే. రెయిలింగ్ లాంటివి పెద్దగా నమ్ముకోకండి, అంచుకి దూరంగా కూర్చోండి, సెల్ఫీ కోసం వెనక్కి నడవకండి. ఇంకోటి, కింద బీచ్‌లో ఉప్పునీటి మొసళ్ళ గురించి బోర్డులు ఉంటాయి, అవి ఊరికే పెట్టినవి కావు. ఈతకి వల కట్టిన చోటు తప్ప ఇంకెక్కడా నీళ్ళలోకి దిగకండి.

తర్వాత మౌంట్ హారియట్. చాథమ్ నుంచి బాంబూ ఫ్లాట్‌కి ఫెర్రీ, స్కూటీలు కూడా అందులోనే ఎక్కించేయొచ్చు. 1883 నుంచి నడుస్తున్న చాథమ్ రంపపు మిల్లు కూడా ఆ పక్కనే, పడౌక్ కలప వాసన బాగుంటుంది. కొండ ఎత్తు దాదాపు 1200 అడుగులు, పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య కనపడే కొండ ఇదే. 2021లో పేరు మౌంట్ మణిపూర్ అని మార్చారు, 1891 యుద్ధంలో ఓడిపోయిన మణిపూర్ రాజు కులచంద్ర సింగ్‌ని, ఆయన మనుషుల్ని తెచ్చి పెట్టింది ఇక్కడే. పైనుంచి కాలా పత్థర్ దాకా రెండు కిలోమీటర్ల ట్రెక్, పొడి కాలం కాబట్టి జలగలు లేవు, వానల్లో అయితే కాళ్ళకి ఉప్పు రాసుకుని వెళ్ళాలట. నాకు ట్రెక్ కన్నా కింద హోప్‌టౌన్ దగ్గర ఆగిన పది నిమిషాలు ఎక్కువ గుర్తుండిపోయాయి. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో ఈ కొండ మీద సన్‌సెట్ చూసి దిగొచ్చి పడవ ఎక్కబోతుంటే షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ చీకట్లో కత్తితో పొడిచి చంపేశాడు. దేశం మొత్తాన్ని ఏలుతున్న మనిషి, చుట్టూ కాపలా, అయినా ఒక ఖైదీ చేతిలో పోయాడు. స్కూల్ పుస్తకంలో నాకు ఇది ఎక్కడా తగల్లేదు.

ఇంక అసలు అడ్వెంచర్, స్కూబా, అంటే గాలి సిలిండర్ తగిలించుకుని సముద్రం లోపలికి దిగడం. స్కూబా అంటే హేవ్‌లాక్ అనే అనుకుంటారు, ఊరికి ఎదురుగా నార్త్ బే ఉంది, వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ జెట్టీ నుంచి బోటెక్కితే కాసేపట్లో దింపేస్తారు. ఈత రానవసరం లేదు. మావాడొకడికి చెరువు చూసినా భయం, వాడే అందరికంటే ఎక్కువ సేపు కింద ఉన్నాడు. ముందు ఒడ్డు దగ్గర నడుములోతు నీళ్ళలో నోటితో గాలి పీల్చడం నేర్పిస్తారు, మాస్క్‌లోకి నీళ్ళొస్తే ఎలా తోసేయాలో చూపిస్తారు, చేతి సైగలు చెప్తారు. ఇక్కడ ఒకటి బాగా బుర్రలో పెట్టుకోవాలి, బొటనవేలు పైకి చూపిస్తే బాగుందని కాదు, నన్ను పైకి తీసుకెళ్ళు అని. బాగుందని చెప్పాలంటే చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టాలి.

నీళ్ళలో ప్రతి పది మీటర్లకీ మన మీద ఇంకో వాతావరణం అంత ఒత్తిడి చేరుతుంది, ఆ మార్పు ముందు తెలిసేది చెవులకే. రెండు మూడు మీటర్లు దిగేసరికి చెవిలో పోటు మొదలవుతుంది, అప్పుడు ముక్కు నొక్కి పట్టుకుని మెల్లగా గాలి ఊదితే టప్ మని తెరుచుకుంటుంది, మళ్ళీ కొంచెం దిగాలి మళ్ళీ ఊదాలి. తొందరపడకూడదు. నొప్పి పోకపోతే కిందికి వెళ్ళొద్దు, ఇన్‌స్ట్రక్టర్‌కి సైగ చేసి చెవి చూపించండి, వాళ్ళు కొంచెం పైకి తెచ్చి మళ్ళీ ట్రై చేయిస్తారు. అది కుదిరాక ఇంక నాకు వినపడింది నా ఊపిరి ఒక్కటే, లోపలికి ఒక ఈల, బయటికి బుడగల చప్పుడు. కింద పగడాలు, కొన్ని మెదడు ముడతల్లా, కొన్ని కొమ్మల్లా, వాటి మధ్య నారింజ రంగు క్లౌన్ ఫిష్ తన ఇంటి చుట్టూ తిరుగుతూ వేలు దగ్గరికి తెస్తే ఎదురొచ్చింది, అంత పిసరు చేప, నా మీదికే వచ్చింది! రంగురంగుల ప్యారట్ ఫిష్‌లు పగడాన్ని కొరుకుతుంటే ఆ చప్పుడు కూడా వినపడుతుంది. కానీ చచ్చిపోయిన పగడాలూ చాలా ఉన్నాయి, బూడిదరంగులో, నాచు పట్టేసి. 2010లో సముద్రం వేడెక్కినప్పుడు అండమాన్‌లో చాలా చోట్ల పగడాలు తెల్లబడి పోయాయి, 2016లో మళ్ళీ దెబ్బతిన్నాయి. అందుకే దయచేసి దేన్నీ పట్టుకోకండి, మీద నిలబడకండి, ఒడ్డున పడున్న ముక్క కూడా జేబులో వేసుకోకండి, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారని కాదు, అవి అక్కడే ఉండాలి కాబట్టి. ఇంకో ముఖ్యమైన మాట, స్కూబా చేశాక వెంటనే ఫ్లైట్ ఎక్కకూడదు, ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవాలి, మాకు 24 గంటలు ఆగమన్నారు, కాబట్టి చివరి రోజుకి పెట్టుకోకండి.

నార్త్ బే నుంచి వచ్చేప్పుడు రాస్ ఐలాండ్. 2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. బ్రిటిష్‌వాళ్ళ హెడ్‌క్వార్టర్స్ ఉండేది, చర్చి, బేకరీ, క్లబ్బు అన్నీ ఉండేవి, ఇప్పుడు గోడలన్నిటినీ చెట్ల వేర్లు పట్టేసుకున్నాయి, జింకలు మన పక్కనే నడుస్తుంటాయి. గంట చాలు.

సెల్యులార్ జైలుకి మాత్రం సగం రోజు పెట్టండి. ప్యాకేజీవాళ్ళు నలభై నిమిషాల్లో తిప్పేస్తారు, అది అన్యాయం. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు, మధ్యలో టవరు, చుట్టూ ఏడు రెక్కలు, దాదాపు 700 గదులు, ఒక రెక్క ముందు భాగం పక్క రెక్క వెనక గోడకి ఎదురుగా ఉండేలా కట్టారు, ఎవరూ ఎవర్నీ చూసుకోకూడదని. ఇప్పుడు మూడు రెక్కలే మిగిలాయి. గదిలోకి వెళ్ళి నిలబడితే కిటికీ తల కంటే చాలా పైన ఉంది, ఆకాశం ముక్క తప్ప ఏమీ కనపడదు. గానుగ దగ్గర రోజుకి 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలి, తియ్యకపోతే కొరడా. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్‌కి బలవంతంగా పాలు పోయబోతే ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయాడు. మన మన్యం నుంచి అల్లూరి అనుచరుడు గాం మల్లుదొరని కూడా అండమాన్‌కే పంపించారు, ఆయన బతికి బయటపడి 1952లో విశాఖ నుంచి ఎంపీ అయ్యాడు. మాలో ఇద్దరిది పాడేరు వైపు, ఆ సంగతి మాట్లాడుకుంటూ టవరు మీద చాలాసేపు నిలబడిపోయాం.

బారాటాంగ్ వెళ్ళలేదు, దాని గురించి మాలో మాకు గట్టిగానే వాదన జరిగింది. సున్నపురాయి గుహలు, మడ అడవుల్లో స్పీడ్‌బోటు, బురద అగ్నిపర్వతం, అడ్వెంచర్ కావాలంటే అన్నీ ఉన్నాయి. కానీ ఆ రోడ్డు జార్వా అనే ఆదివాసుల రిజర్వ్ మధ్యలోంచి పోతుంది, జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ నుంచి కాన్వాయ్‌లో బళ్ళు వెళ్తాయి. ఆ రోడ్డు మూసేయమని 2002లోనే సుప్రీం కోర్టు చెప్పింది, ఇప్పటికీ నడుస్తూనే ఉంది. బయటివాళ్ళతో కలవడం మొదలైన ఒకటి రెండేళ్ళకే, 1999లో, జార్వాలకి తట్టు వచ్చింది. ఫోటో తీయకూడదు, ఆగకూడదు అని రూల్స్ ఉన్నాయి నిజమే, కానీ బండెక్కే సగంమంది కళ్ళు ఎవరి కోసం వెతుకుతాయో మనకి తెలుసు కదా. ఒకళ్ళ ఇంటి మధ్యలోంచి మన సరదా కోసం పోవడం నాకు నచ్చలేదు, చివరికి అందరూ ఒప్పుకున్నారు. ఆ రోజు వండూర్ నుంచి జాలీ బాయ్ దీవికి వెళ్ళాం, అక్కడికి ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు, ఆ నీళ్ళు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. దారిలో సిప్పీఘాట్ దగ్గర 2004 సునామీకి మునిగిన పొలాలు కనపడతాయి, భూకంపానికి నేలే కుంగిపోయింది, అందుకే ఆ నీళ్ళు వెనక్కి పోలేదు.

తిండి విషయానికొస్తే జంగ్లీఘాట్ వెళ్ళండి. చేపల మార్కెట్ ఉన్న పేట, అడుగడుగునా తెలుగే వినపడుతుంది. 2011 లెక్కల్లో అండమాన్ జనంలో దాదాపు 13 శాతం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు, శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి వేటకి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే చాలా. మేం వంజరం బేరం ఆడుతుంటే అమ్మే ఆవిడ "ఏ ఊరు బాబూ మీది" అంది, వైజాగ్ అక్కా అన్నాం, అంతే, బేరం ఆగిపోయింది, కబుర్లు మొదలయ్యాయి. వాళ్ళ అత్తవారిది సోంపేట దగ్గరట, పిల్లలు ఇక్కడే పుట్టారట, పెళ్ళిళ్ళకి మాత్రం షిప్ మీద వైజాగ్ వెళ్తారట. చేప తనే కోసిచ్చి, పక్క సందులో వండిపెట్టే ఇల్లు చూపించి, "పులుసు పెట్టమని చెప్పండి, వేపుడు వద్దు" అని గట్టిగా చెప్పి పంపింది. ఆ పులుసు తిన్నాక ఆవిడ మాటే రైట్ అని అందరం ఒప్పుకున్నాం.

మావాళ్ళు వచ్చేసారి ఫ్లైట్ వద్దు, ఆ షిప్పే ఎక్కుదాం అంటున్నారు. వైజాగ్ నుంచి నెలకోసారి లాగా ఉంటుంది, రెండున్నర రోజులు పడుతుంది, సముద్రం నెమ్మదిగా ఉండే జనవరి నుంచి ఏప్రిల్ లోపు అయితే మంచిది. ఈ మధ్య ఎవరైనా బంక్ క్లాస్‌లో వెళ్ళుంటే ఎలా ఉందో కింద రాయండి, భోజనం సంగతి కూడా.