బడ్జెట్‌లో కనిపించని గంటలు

అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రంలో నేను పనిచేస్తున్నాను. ప్రభుత్వ కార్యాలయాలు ప్రజలకు అందించే సేవల్లో సాంకేతికత ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది తేల్చడం మా కేంద్రం పని. నా జీతం విశ్వవిద్యాలయ ఖజానా నుంచి రాదు, పరిశోధనల కోసం మంజూరయ్యే గ్రాంట్ల (నిధుల) నుంచి వస్తుంది. ఇక్కడివారు దీనిని సాఫ్ట్ మనీ అంటారు. విశ్వవిద్యాలయాలకు హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి వర్తించదు కనుక లాటరీతో నిమిత్తం లేకుండా ఈ ఉద్యోగంలో చేరగలిగాను. అయితే నా గ్రాంటూ మూడేళ్లదే, వీసా మంజూరూ మూడేళ్లదే. ఉద్యోగం పోతే మరో యజమానిని వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది. అందువల్ల పరిశోధనకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఏ షరతులతో వస్తుంది అన్నది నేను బతుకు అవసరంగా నేర్చుకున్నాను.

ఈ దేశంలో పరిశోధనలకు ప్రభుత్వం డబ్బిచ్చే పద్ధతికి 1945లో ప్రభుత్వ విజ్ఞాన సలహాదారు వనేవర్ బుష్ అధ్యక్షుడికి సమర్పించిన నివేదిక పునాది వేసింది. 1950లో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఏర్పడింది. ఫౌండేషన్ గ్రాంటును సాధారణంగా సంస్థకు మంజూరు చేస్తుంది, వ్యక్తికి కాదు. కాబట్టి పౌరసత్వం లేని నాలాంటివారు కూడా తమ విశ్వవిద్యాలయం తరఫున ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌గా, అంటే పరిశోధనను నడిపే బాధ్యులుగా, గ్రాంటు కోరుతూ ప్రొపోజల్ పంపవచ్చు. పరాయి దేశంలో నా ఆలోచనను నా పేరు మీదే పరిశీలనకు పెట్టగలగడం నాకు దక్కిన గొప్ప గౌరవమని నేను ఇప్పటికీ భావిస్తాను.

రసాయన శాస్త్రవేత్తకు ప్రయోగశాల ఎలాంటిదో మాకు ప్రభుత్వ కార్యాలయం అలాంటిది. అది మా సొంతం కాదు, దాని తలుపు మేము తెరవలేము. న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ విశ్వవిద్యాలయం 1993లోనే ఈ పని కోసం ఒక ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పింది. ఫౌండేషన్ 2020లో ప్రారంభించిన సివిక్ ఇన్నోవేషన్ చాలెంజ్ అనే గ్రాంట్ల పోటీలో పరిశోధకులతో పాటు స్థానిక భాగస్వాములు కూడా జట్టులో ఉండి తీరాలి. ముందు ప్రణాళిక కోసం చిన్న గ్రాంటు ఇచ్చి, వాటిలో కొన్నింటిని ఎంచి, ఒక్క ఏడాదిలో అమలు చేసి చూపడానికి 10 లక్షల డాలర్ల వరకు ఇస్తారు. భాగస్వామిని వెతుక్కునే దశకే డబ్బు కేటాయించడం ఇందులో నాకు బాగా నచ్చిన విషయం. చాలా కార్యక్రమాల్లో ఆ వెతుకులాట అంతా ఎవరి ఖాతాలోనూ పడని పనిగానే జరుగుతుంది.

నా అనుభవంలోది ఒకటి చెబుతాను. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకునే ఖర్చులో సాయపడే ఫెడరల్ పథకం ఒకటి 1981 నుంచి నడుస్తోంది. దరఖాస్తులో ఏదో ఒక కాగితం తక్కువైందని తిరిగి పంపేసరికి చలి ముదిరిపోతుంది. అలా తిరిగి వెళ్లే అవకాశం ఉన్న దరఖాస్తులను ముందే గుర్తించి, సిబ్బంది ఫోన్ చేసి కాగితం తెప్పించుకునేలా చేయవచ్చా అన్నది మా పరిశోధన. ఒక కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) కార్యాలయం తన పాత రికార్డులు ఇచ్చింది. వాటిలో వేలకొద్దీ దరఖాస్తులు ఒకే తేదీన అందినట్టు కనిపించాయి. మా విద్యార్థులు ఆ రోజు మంచు తుఫాను వచ్చిందేమోనని వాతావరణ రికార్డులు కూడా తిరగేశారు. ఆ కార్యాలయంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్న గుమాస్తా తెర వైపు ఒక్కసారి చూసి, "అది మేము కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారిన రోజు. కాగితాల మీదున్న వాటన్నిటికీ ఆ తేదీనే వేశాం" అన్నారు. అసలు తేదీలు నేలమాళిగలోని ఫైళ్లలో, రబ్బరు ముద్రల కింద ఉన్నాయి. ఆవిడ మాతో కూర్చుని వారాల తరబడి వాటిని తీసి చూపించారు. ఆవిడ లేకపోతే మేము తప్పుడు తేదీల మీద చక్కటి గణితం చేసి, దానినే ఫలితమని ప్రచురించి ఉండేవాళ్లం.

ఆ వారాల విలువ మా బడ్జెట్‌లో ఎక్కడా లేదు. భాగస్వామి ఇచ్చే, ప్రొపోజల్‌కు జతచేసే సహకార లేఖ ఎలా ఉండాలో ఫౌండేషనే చెబుతుంది. గ్రాంటు వస్తే సహకరించే ఉద్దేశం ఉందని తెలిపే ఒక్క వాక్యం, అంతే. పొగడ్తలకు చోటు లేదు. భాగస్వామి తన సొంత డబ్బు ఇంత పెడతానని స్వచ్ఛందంగా బడ్జెట్‌లో చూపడాన్ని 2011 నుంచి నిషేధించారు. ధనిక సంస్థలు తమ డబ్బు చూపించి పోటీలో ముందుకు పోకుండా ఆపే నియమం అది, న్యాయమైనదే. కానీ మేము ఆ నియమాన్ని సాకుగా చేసుకుని, కౌంటీ ఉద్యోగి సమయాన్ని ఉచితంగా దొరికే వస్తువులా చూశాం. సబ్ అవార్డు రూపంలో, అంటే మా గ్రాంటులో కొంత భాగాన్ని కౌంటీకి ఇచ్చి, ఆవిడ గంటలకు గ్రాంటు నుంచే చెల్లించే దారి అప్పుడూ తెరిచే ఉంది. ఆ తప్పు పూర్తిగా నాదీ, నా సహచరులదీ.

గడువు విషయంలోనూ పాఠం నేర్చుకున్నాం. దరఖాస్తుదారుల వివరాలు బయటికి పొక్కకుండా చూసే డేటా ఒప్పందానికి రెండు వైపుల న్యాయవాదుల మధ్య తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలలూ జీతాలు ఖర్చవుతూనే ఉన్నాయి. చివరికి నో కాస్ట్ ఎక్స్‌టెన్షన్ తీసుకున్నాం. అంటే గడువు ఏడాది వరకు పెరుగుతుంది, డబ్బు ఒక్క డాలరు కూడా పెరగదు. గడువు తీరడానికి కనీసం పది రోజుల ముందు తెలియజేస్తే విశ్వవిద్యాలయమే మొదటిసారి దీనిని పొడిగించుకోవచ్చు. స్థిరమైన ఉద్యోగం ఉన్న ప్రొఫెసరుకు అది నిజంగా వెసులుబాటే. జీతం గ్రాంటు నుంచే రావలసిన వీసాదారుకు మాత్రం, ఆ అదనపు ఏడాదిలో తన పని కొనసాగాలంటే మరో గ్రాంటు కావాలి. మా ప్రాజెక్టును అత్యంత దగ్గరగా ఎరిగిన ఒక యువ పరిశోధకుడు ఆ ఏడాదే మరో ఉద్యోగానికి వెళ్లిపోవలసి వచ్చింది. ఫైళ్లలో తేదీలను సరిచేసిన పద్ధతి అంతా అతని తలలోనే ఉంది. రాసి పెట్టించుకోవడానికి మాకు రెండు వారాలే దొరికాయి.

అందుకే ఇటీవల పంపిన ప్రొపోజల్‌ను వేరే పద్ధతిలో రాశాం. మొదటి ఆరు నెలలను ఒప్పందానికీ, రికార్డులను అర్థం చేసుకోవడానికీ విడిగా ఉంచాం. బడ్జెట్‌లో కౌంటీకి సబ్ అవార్డు పెట్టి, అందులో ఆ గుమాస్తా పనివేళల్లో సగానికి జీతం చూపించాం. కౌంటీకి ఫెడరల్ ప్రభుత్వంతో కుదిరిన ఓవర్‌హెడ్ రేటు (కార్యాలయ నిర్వహణ ఖర్చుల కింద తీసుకునే శాతం) ఏదీ లేదు. అలాంటి సంస్థలు తీసుకోగల సాధారణ రేటు 2024 అక్టోబరులో 10 శాతం నుంచి 15 శాతానికి పెరిగింది కనుక, ఆ మేరకు కార్యాలయం ఖర్చులూ చేర్చాం. ముసాయిదా ఆవిడకు చూపించినప్పుడు, బడ్జెట్ పేజీలో తన హోదా ఉన్న వరుస మీద వేలు పెట్టి, "ఇన్నాళ్లూ ఫైళ్లు వెతకడం నా పనిలో భాగమని మా పైవాళ్లకు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఈ కాగితం చూపిస్తాను" అన్నారు. ఆ సాయంత్రమే దానిని ముద్రించి తన పై అధికారి బల్ల మీద పెట్టారు.