మరుగుజ్జు గెలాక్సీకి రెండు తోకలెందుకు?

1994లో ఇబాటా, గిల్మోర్, ఇర్విన్ అనే ముగ్గురు పాలపుంత మధ్యభాగంలోని నక్షత్రాల వేగాలు కొలుస్తుంటే, కొన్ని మాత్రం మిగతావాటితో పొంతన లేకుండా గుంపుగా కదులుతూ కనిపించాయి. అలా బయటపడిందే ధనూరాశి మరుగుజ్జు గెలాక్సీ, పాలపుంత చుట్టూ తిరిగే ఒక చిన్న గెలాక్సీ. అప్పటికే అది చెదిరిపోతోంది, దాని నక్షత్రాలు తోకల్లా సాగి మన గెలాక్సీ చుట్టూ తిరిగొచ్చాయని తర్వాతి సర్వేల్లో తేలింది.

పాలపుంత గట్టిగా లాగడం వల్లే ఇలా చీలిపోయిందనుకుంటాం గానీ, అన్ని నక్షత్రాలనూ సమానంగా లాగితే ఏమీ చీలదు, మొత్తం కలిసే కదులుతుంది. చీల్చేది తేడా. పాలపుంత మధ్యభాగానికి దగ్గరగా ఉన్న అంచు మీద లాగుడు ఎక్కువ, అవతలి అంచు మీద తక్కువ. దూరం సగమైతే ఆకర్షణ నాలుగింతలవుతుంది, ఈ తేడా మాత్రం ఎనిమిదింతలు (పాలపుంత బరువు విశాలంగా పరుచుకుని ఉంది కాబట్టి లెక్క అచ్చం ఇలాగే రాదు). అందుకే అసలు నష్టమంతా కక్ష్యలో బాగా దగ్గరికొచ్చిన ఆ కొద్ది కాలంలోనే జరుగుతుంది.

నాకు బాగా నచ్చేది తోకల సంగతి. లోపలి వైపు జారిన నక్షత్రం వెనకబడదు, ముందుకు పోతుంది! దాని కక్ష్య చిన్నది, చుట్టు త్వరగా పూర్తవుతుంది, రన్నింగ్ ట్రాక్‌లో లోపలి లేన్ దొరికినవాడిలా. బయటికి జారినది పెద్ద చుట్టు తిరగాలి కాబట్టి వెనకబడుతుంది. ఒక తోక ముందు, ఒకటి వెనక.

అయితే మొదట ఊడిపోయేది నక్షత్రాలు కాదు, డార్క్ మ్యాటర్, అంటే కంటికి కనిపించకపోయినా బరువున్న పదార్థం. అది గెలాక్సీ చుట్టూ చాలా దూరం వరకూ పరుచుకుని ఉంటుంది, నక్షత్రాలేమో నడిమధ్యలో భద్రంగా ఉంటాయి. సిమ్యులేషన్లలో అయితే మొత్తం బరువులో సుమారు 90 శాతం పోయేదాకా నక్షత్రాలకు పెద్దగా దెబ్బ తగలదు. ఆ తర్వాత పట్టి ఉంచే బలం చాలక, మిగిలిన నక్షత్రాలు నెమ్మదిస్తాయి, కొన్నిసార్లు గుంపు కూడా ఉబ్బుతుంది. 2016లో దొరికిన క్రేటర్ 2 అనే మరుగుజ్జు గెలాక్సీని చూడండి, సైజు భారీ, నక్షత్రాల వేగాల్లో తేడా సెకనుకు 3 కిలోమీటర్ల లోపే. చాలామంది అనుమానం లాగుడులోని ఈ తేడా మీదే, నాదీ అంతే.

ఇక్కడే ఒక చిక్కు. ఇలాంటి గెలాక్సీల బరువును నక్షత్రాల వేగాల నుంచే లెక్కగడతారు, తోకలోకి జారుతున్నవాటిని కూడా కలిపేస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది. గాయా ఉపగ్రహం నక్షత్రాలు ఆకాశంలో ఎటు కదులుతున్నాయో కొలిచి ఇచ్చాక, ఏది గెలాక్సీది, ఏది దారినపోయేది అని ఏరడం చాలా తేలికైంది.