రెండోసారి నీట్ ఎండీఎస్: నన్ను గట్టెక్కించిన ఒక ఫిల్లింగ్

నిన్న నీట్ ఎండీఎస్ (బీడీఎస్ తర్వాత డెంటల్ పీజీ సీటు కోసం రాసే పరీక్ష) రిజల్ట్ వచ్చింది. ర్యాంకు చూసి అమ్మ ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. "ఏం చదివావు, ఎలా చదివావు" అని అడుగుతున్నవాళ్లందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

మొదటి అటెంప్ట్‌లో కన్సర్వేటివ్ (పళ్లకి ఫిల్లింగులు చేసే సబ్జెక్టు) మొత్తం బట్టీ పట్టాను. ఫిల్లింగ్‌ని పంటికి అతికించే బాండింగ్ అంటే 1955 బ్యూనోకోర్, 1982 నకబయాషి అనే పరిశోధకుల పేర్లు, 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్, 15 సెకన్లు, అన్నీ నోటికి వచ్చు. పరీక్షలో అదే సంగతి కేసులా తిప్పి అడిగేసరికి తడబడ్డాను. సీటు రాలేదు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో పని చేస్తూనే మళ్లీ మొదలుపెట్టాను. ఒకరోజు పొందూరు నుంచి ఒక మామ్మ వచ్చింది. ఏడాదిన్నర కిందట ఆమె ప్రీమోలార్‌కి (కోరపన్ను వెనక పన్ను) చిగురు పక్కన కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) పెట్టింది నేనే. "సల్లనీళ్లు తాగితే జివ్వుమంటంది డాక్టరమ్మా" అంది. చూస్తే ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) వైపు అంచు శుభ్రంగా ఉంది. చిగురు వైపు మాత్రం సన్నటి గోధుమరంగు గీత. ఎక్స్‌ప్లోరర్ (సన్నటి మొన ఉండే పరికరం) పెడితే మొన అక్కడ ఇరుక్కుంది, అంటే ఫిల్లింగ్‌కీ పంటికీ మధ్య సందు పడింది.

ఆ రాత్రి మొదటిసారి "ఎందుకు" అని అడుగుతూ చదివాను. ఎనామిల్ దాదాపు అంతా ఖనిజమే. యాసిడ్‌తో సన్నటి గుంతలు పడితే రెసిన్ (ఫిల్లింగ్‌ని అతికించే జిగురు) వాటిలోకి దిగి పట్టేస్తుంది. ఎనామిల్ కింద ఉండే డెంటిన్ అలా కాదు, అందులో తడీ కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులూ ఉంటాయి. మామ్మ ఫిల్లింగ్‌కి చిగురు వైపు అంచు దాని మీదే ఉంది. యాసిడ్ ఖనిజాన్ని తీసేశాక పోగుల అడుగుదాకా రెసిన్ చేరాలి. చేరకపోతే బయట మిగిలిన కొల్లాజెన్‌ని డెంటిన్‌లోనే ఉండే ఎంఎంపీ ఎంజైములు మెల్లగా తినేస్తాయి. ఎయిర్ సిరంజితో ఎక్కువ ఆరబెడితే పోగులు కుప్పకూలి రెసిన్‌కి దారే ఉండదు. మామ్మ పంటిని నేను తెల్లగా అయ్యేదాకా ఆరబెట్టాను.

అది అర్థమయ్యాక ఆ ఎంజైముల్ని ఆపే 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఎందుకు పూస్తారో, సెలెక్టివ్ ఎచింగ్‌లో యాసిడ్ ఎనామిల్‌కే ఎందుకో, బాండింగ్ జిగురులో ఉండే 10-ఎండీపీ అనే రసాయనం పంటి కాల్షియంని ఎలా పట్టుకుంటుందో, బ్లీచింగ్ అయిన వెంటనే బాండింగ్ ఎందుకు వద్దంటారో మళ్లీ బట్టీ పట్టాల్సిన పని లేకపోయింది.

ఫార్మా, పాథాలజీ, పబ్లిక్ హెల్త్ పాత ప్రశ్నలతోనే లాగించాను.

ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో కోచింగ్‌కి వెళ్లమని చాలామంది చెప్పారు. నాన్న మీద అంత భారం వెయ్యలేకపోయాను, అది తప్పని ఇప్పటికీ అనుకోను. క్లినిక్ లేకపోతే మామ్మ పన్ను నాకు మళ్లీ కనిపించేదే కాదు. కానీ రోజూ నాలుగింటికి లేచాను. ఫోన్ పక్కగదిలో పెట్టాను. పండగ రోజు కూడా ప్రశ్నలు చెయ్యకుండా పడుకోలేదు. మూడు గంటల్లో 240 ప్రశ్నలంటే కదలకుండా కూర్చునే అలవాటు ఉండాలి, అది చివరి నెలలో రాదు. ఇవాళే మొదలుపెట్టండి.

మామ్మ ఫిల్లింగ్ తీసి డబ్బులు తీసుకోకుండా మళ్లీ చేశాను. ఈసారి పత్తి ఉండతో ఎక్కువైన తడిని అద్ది తీశానే గానీ ఆరబెట్టలేదు. మొన్న చూస్తే అంచు బాగుంది. ఏడాదిన్నర దాటితేగానీ నమ్మలేను కాబట్టి, కౌన్సెలింగ్‌కి వెళ్లేలోపు క్లినిక్ డైరీలో ఆమె చెకప్ తేదీ రాసి పెట్టాలి.