గేజ్‌లో ముల్లు

ఇంగ్లండ్‌లోని కెంట్‌లో నా ఉద్యోగం అగ్నిమాపక సిలిండర్లను తనిఖీ చేయడం. బడులు, గిడ్డంగులు, చర్చిలు తిరుగుతాను. ప్రతి సిలిండర్‌నూ గోడ మీది నుంచి దించి తూకం వేయాలి. లోపలి ఒత్తిడి చూపే గేజ్‌లో ముల్లు, పిన్, గొట్టం, సీల్ చూసి, చీటీ మీద తేదీ వేసి సంతకం పెట్టాలి. గుంటూరులో ఉన్న అమ్మకు ఈ పని మొదట్లో అర్థం కాలేదు. ఎవరూ వాడని వాటిని ఏటా చూడటానికి అంత దూరం వెళ్లాలా అని అడిగేది. నా దగ్గరా జవాబు ఉండేది కాదు.

మేము తరచుగా వెళ్లే దారిలో బ్రాండ్స్ హ్యాచ్ రేసు ట్రాక్ ఉంది. నాకు పని నేర్పిన పెద్దాయన ఒక రోజు అక్కడ వ్యాన్ ఆపి, 1971 అక్టోబర్ 24 సంగతి చెప్పారు. అప్పుడాయన పన్నెండేళ్ల పిల్లవాడు, నాన్న చెయ్యి పట్టుకుని వచ్చారట. ఆ ఏడాది ఫార్ములా వన్ కారు రేసుల ప్రపంచ విజేత జాకీ స్టీవర్ట్ గౌరవార్థం పెట్టిన రేసు అది. ఛాంపియన్‌షిప్ లెక్కలోకి రాదు, పాయింట్లు లేవు. జనం పండగకు వచ్చినట్టు వచ్చారు.

స్విట్జర్లాండ్ డ్రైవర్ జో సిఫెర్ట్ నడుపుతున్న బీఆర్ఎం జట్టు కారు అదుపు తప్పి, గట్టును ఢీకొని మంటల్లో చిక్కుకుంది. 1968లో బ్రిటిష్ గ్రాండ్ ప్రి గెలిచింది ఆయన ఇదే ట్రాక్ మీద. ఢీకొన్న దెబ్బకు కాలు విరిగింది, అంతే. ప్రాణం తీసింది పొగ. ట్రాక్ పక్కన సిలిండర్లు ఉన్నాయి, అవసరమైన క్షణాన అవి పనిచేయలేదు. రేసు ఆపేసి, 14 ల్యాపుల లెక్కన పీటర్ గెథిన్‌ను విజేతగా ప్రకటించారు. కార్లలోనే అగ్నిమాపక సిలిండర్లు, హెల్మెట్‌లోకి గాలి గొట్టం తప్పనిసరి అయ్యాయి, కానీ ఆ మార్పు సిఫెర్ట్ పోయిన తర్వాత వచ్చింది. ఆ మాట చెప్తూ పెద్దాయన చాలాసేపు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

ఆ రాత్రి అమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జాగ్రత్తగా చూడు నాన్నా, ఒక్కటీ వదలకు" అంది.

మొన్న ఒక బడిలో వంటగది పక్కన ఉన్న సిలిండర్ ముల్లు ఎరుపులోకి దిగి ఉంది. వచ్చే వారం మార్చుకోవచ్చులే అన్నారు అక్కడివారు. వ్యాన్‌లోంచి కొత్తది తెచ్చి, కొక్కేనికి తగిలించాకే అక్కడి నుంచి కదిలాను.